మోడలర్‌కి ఏ స్పీకర్ పెట్టాలి? యమహా హెచ్‌ఎస్5 జతతో ఎనిమిది నెలలు

రాత్రి పది దాటాక నాకు దొరికేది ఒక గంట, మహా అయితే గంటన్నర. పక్క గదిలో పాప పడుకుని ఉంటుంది. ఆ గంటలో గిటార్ నిండుగా వినిపించాలి, పాప మాత్రం లేవకూడదు. స్పీకర్ దగ్గర నేను కోరుకున్నది ఇంతే. కానీ ఇది కుదరడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. నా మోడలర్, అంటే గిటార్ యాంప్‌లనీ ఎఫెక్ట్‌లనీ డిజిటల్‌గా అనుకరించే పెట్టె, లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్. ఎనిమిది నెలలుగా దానికి యమహా హెచ్‌ఎస్5 మానిటర్ల (స్టూడియోలో వినడానికి వాడే స్పీకర్ల) జత తగిలించి వాయిస్తున్నాను. ఇది ఆ జత మీద రివ్యూనే, కాకపోతే సగం రివ్యూ నా గది గురించి ఉంటుంది. ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది.

మోడలర్ కొన్నవాళ్లు చాలామంది చెప్పే మాట ఒకటుంది: "హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోతోంది, స్పీకర్‌లో పెడితే చప్పబడిపోతోంది." నాకూ అలాగే అయింది. తప్పు మోడలర్‌ది అనుకుని నెలల తరబడి ప్రీసెట్లు (దాచుకున్న టోన్ సెట్టింగులు) మార్చుకుంటూ కూర్చున్నాను. అసలు అది బయటికి ఏం పంపిస్తోందో అర్థమయ్యాక గానీ దారి దొరకలేదు.

మామూలు గిటార్ యాంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటేసరికి చేతులెత్తేస్తుంది. డిస్టార్షన్‌లో పుట్టే గరగరలు ఎక్కువగా ఆ పైనే ఉంటాయి. అంటే స్పీకరే జల్లెడలా పనిచేసి వాటిని ఆపేస్తుంది. మోడలర్‌లో ఆ పని క్యాబ్ బ్లాక్ (గిటార్ స్పీకర్ పెట్టెని అనుకరించే భాగం) చేస్తుంది, లేదా మనం లోడ్ చేసుకునే ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్ అనే ఫైలు) చేస్తుంది. సెలెస్టియన్ వింటేజ్ 30 లాంటి స్పీకర్ ముందు ష్యూర్ ఎస్‌ఎం57 లాంటి మైక్ పెట్టి, ఆ రెండూ కలిసి శబ్దాన్ని ఎలా మారుస్తాయో పట్టుకున్న అచ్చు అది. కాబట్టి మోడలర్ నుంచి వచ్చేది గదిలో మన పక్కనున్న యాంప్ శబ్దం కాదు, స్టూడియోలో మైక్ విన్న యాంప్ శబ్దం. గిటార్ స్పీకర్ పని అక్కడే అయిపోయింది. ఇక మనం కొనే స్పీకర్ తన రంగు తను కలపకుండా, వచ్చినదాన్ని వచ్చినట్టు వినిపిస్తే చాలు.

ఇది తెలియక నేను చేసిన ప్రయోగాలు వరసగా చెబుతాను.

మొదట ఇంట్లో ఉన్న బ్లూటూత్ స్పీకర్. అయిదు నిమిషాల్లో తీసేశాను. పిక్ తగిలిన తర్వాత ఎప్పటికో శబ్దం వస్తోంది. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. గాలిలో శబ్దం ఒక మీటరు నడవడానికి పట్టేది దాదాపు 3 మిల్లీసెకన్లు. అంటే 30 మీటర్ల అవతలో, ఇంకా దూరంలోనో ఉన్న స్పీకర్‌ని వింటూ వాయించినట్టు. పాటలు వినడానికి ఏ ఇబ్బందీ లేదు, వాయించడానికి మాత్రం అసలు పనికిరాదు. వైరు ఉన్నదే తీసుకోండి.

తర్వాత పాత గిటార్ కాంబో యాంప్, అంటే యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది. మోడలర్ తీసుకెళ్లి దాని ముందున్న ఇన్‌పుట్‌లో గుచ్చాను. మోడలర్‌లో ఒక యాంప్, ఒక క్యాబ్. దాని మీద కాంబోలోని ప్రీయాంప్, ఆపైన అసలు గిటార్ స్పీకర్. ఒకే జల్లెడలో రెండుసార్లు పట్టినట్టు పైనున్న మెరుపంతా పోయి, మిగిలింది బురద. క్యాబ్ బ్లాక్ ఆపేసి, వెనకున్న ఎఫెక్ట్స్ రిటర్న్‌లో (ప్రీయాంప్‌ని తప్పించే ఇన్‌పుట్‌లో) పెడితే చాలా నయమైంది. నిజం చెప్పాలంటే చేతికి తెలిసే ఆ తన్ను దానిలోనే బాగుంది. కానీ ఏ యాంప్ మోడల్ పెట్టినా చివరికి ఆ ఒక్క స్పీకర్ గొంతే వినిపించేది. పైగా రికార్డింగులతో కలిసి వాయిద్దామంటే పాట కూడా ఆ గిటార్ స్పీకర్‌లోంచే రావాలి. నా ప్రాక్టీస్‌లో సగం పాటలతో కలిసి వాయించడమే కాబట్టి అది కుదరలేదు.

మూడోది, నేను చాలా ఆశ పెట్టుకున్నది, ఒక పెద్ద ఎఫ్‌ఆర్‌ఎఫ్‌ఆర్ పెట్టె. ఫుల్ రేంజ్, ఫ్లాట్ రెస్పాన్స్ అనే మాటలకి పొట్టి రూపం అది. మోడలర్ల కోసమే అని అమ్మే పవర్డ్ స్పీకర్లను ఇలా పిలుస్తారు. స్నేహితుడి దగ్గర ఒకటి ఉంటే వారం రోజులకి తెచ్చుకున్నాను. పేరు చెప్పను, ఎందుకంటే తప్పు ఆ పెట్టెది కాదు. కింది స్వరాలకి 12 అంగుళాల వూఫర్, దాని పైన పై స్వరాలకి హార్న్. ఇద్దరం పట్టుకుని మెట్లెక్కించాం. మొదటి రాత్రి దాన్ని గది మూలన నేల మీద పెట్టి, వాల్యూమ్ నాబ్ ఎంత మెల్లగా తిప్పినా, శబ్దం మొదలవడమే పాప లేచేంత దగ్గర మొదలైంది. నాబ్ మొదటి గీత దాటకుండా, వెంట్రుకవాసి జరిపి జరిపి ఎలాగో ఒక చోట నిలబెట్టాను. ఆ వాల్యూమ్‌లో గిటార్ వెనక హార్న్ నుంచి "స్స్‌స్" అని సన్నటి శబ్దం నిలకడగా వినిపిస్తూనే ఉంది. వాయిస్తున్నంతసేపూ తెలియదు, ఆపగానే తెలుస్తుంది. స్వరం మెల్లగా ఆరిపోయే చోట, నాకు అన్నిటికంటే ఇష్టమైన చోట, ఆ బుస వచ్చి కూర్చునేది. పెట్టె నేల మీద, నేను కుర్చీలో. హార్న్ నా మోకాళ్లకి వాయిస్తోంది. వారం తిరగకుండానే తిరిగిచ్చేశాను.

అదే పెట్టెని నెల తర్వాత మా స్నేహితుడు డ్రమ్స్ పక్కన పెట్టి వాయించగా విన్నాను. ఎంత బాగుందో! అది అలాంటి చోటికే పుట్టింది. ఆ రోజే నాకు ఈ విషయం గట్టిగా పట్టుబడింది: మనం స్పీకర్ ఎంచుకోవాల్సింది మోడలర్‌ని చూసి కాదు, మనం వాయించే వాల్యూమ్‌ని చూసి, స్పీకర్‌కి మన చెవికి మధ్య ఉండే దూరాన్ని చూసి.

వాట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అందరం మోసపోయేది ఆ అంకెల దగ్గరే. పెట్టె మీద 1000 వాట్లు, 2000 వాట్లు అని ఉంటుంది. హెచ్‌ఎస్5 మీద 70 వాట్లు, అందులో వూఫర్‌కి 45, పై స్వరాలు పలికే ట్వీటర్‌కి 25. మామూలు స్పీకర్ ఒక వాట్‌కే మీటరు దూరంలో 85 డెసిబెల్స్ అటూ ఇటుగా ఇస్తుంది. నేను రాత్రిపూట కూర్చునే చోట ఫోన్‌లో మీటర్ పెట్టి చూస్తే 65 నుంచి 70 మధ్య ఉంటుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కీ పవర్ సగమవుతుంది కాబట్టి, 70 డెసిబెల్స్ అంటే ఒక వాట్‌లో ముప్ఫయ్యో వంతు. పిక్ గట్టిగా తగిలినప్పుడు దానికి పదిరెట్లు వేసుకున్నా అర వాట్ దాటదు. ఇంట్లో మనం వాడేది ఆ కాస్తే. ఆ మొదటి అర వాట్‌లో శుభ్రంగా పలికే స్పీకర్ కావాలి మనకి. వెయ్యి వాట్ల దగ్గర ఎలా పలుకుతుందన్నది మనకు అక్కరలేని లెక్క.

అలా చివరికి స్టూడియో మానిటర్ల వైపు వచ్చాను. హెచ్‌ఎస్5లో 5 అంగుళాల తెల్ల కోన్ వూఫర్, పైన ఒక అంగుళం డోమ్ ట్వీటర్. ఒక్కోటి 5.3 కిలోలు, ఎవరి సాయం లేకుండా చంకన పెట్టుకుని పోవచ్చు. వెనక ఎక్స్‌ఎల్‌ఆర్, టీఆర్‌ఎస్ రెండు ఇన్‌పుట్లూ ఉన్నాయి. రెండు పెట్టెలకీ వేరువేరు పవర్ కేబుళ్లు, స్విచ్చి, వాల్యూమ్ అన్నీ వెనకే. కంపెనీ లెక్క ప్రకారం కింద 54 హెర్ట్జ్ దాకా వెళుతుంది. గిటార్‌లో అన్నిటికంటే మందమైన తీగ, లో ఇ (low E) స్ట్రింగ్, 82.4 హెర్ట్జ్. ఏడు తీగల గిటార్‌లో లో బి కూడా 62 దగ్గర ఆగుతుంది. గిటార్‌కి ఇంతకంటే కిందికి పోయే స్పీకర్ అవసరమే లేదు. చిన్న గదిలో 8 అంగుళాల మానిటర్ పెడితే ఆ అదనపు బాస్‌తో గదిని అదుపు చేయడమే పెద్ద పనవుతుంది.

మొదటి రాత్రి ఒక క్లీన్ టోన్ పెట్టాను. రివర్బ్ కొద్దిగా, ఇంకేమీ లేదు. ఒక ఇ మైనర్ కార్డ్ నెమ్మదిగా, తీగ తర్వాత తీగ మీటాను. ఆరు తీగలూ ఆరు చోట్ల ఉన్నట్టు విడివిడిగా వినిపించాయి. మూడో తీగ మీద వేలు సరిగ్గా ఆనక కాస్త బొంగురుపోవడం కూడా వినిపించింది. అది ఏళ్లుగా నేను చేస్తున్న తప్పే, పాత యాంప్‌లో ఎప్పుడూ బయటపడలేదు. ప్రాక్టీస్‌కి ఇలాంటి స్పీకరే కావాలని నాకు అప్పుడే అనిపించింది. పామ్ మ్యూట్‌లో (అరచేయి ఆనించి తీగల్ని అణచి కొట్టేటప్పుడు) చేయి కొంచెం జారినా చెబుతుంది. బెండ్ (తీగని లాగి స్వరం పెంచడం) పావు స్వరం తక్కువైనా చెబుతుంది. దీనిలో బాగా వినిపించేలా వాయించగలిగితే ఎక్కడైనా బాగుంటుంది.

స్టీరియో కూడా ఒక పెద్ద కారణం. రెండు పెట్టెల మధ్య డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) అటూ ఇటూ తిరుగుతుంటే, ఇంత తక్కువ వాల్యూమ్‌లోనూ గది పెద్దదైనట్టు ఉంటుంది. ఒకే పెట్టెతో ఇది రాదు.

కానీ రెండో రోజే కష్టం మొదలైంది. అయిదో తీగని, అంటే ఏ (A) స్ట్రింగ్‌ని, ఫ్రెట్ నొక్కకుండా ఓపెన్‌గా కొడితే చాలు, ఉరుము. మిగతా స్వరాలన్నీ మామూలుగా ఉన్నాయి, ఈ ఏ (A) స్వరం ఒక్కటే "బూమ్‌" అని లేచి కార్డ్ మొత్తాన్ని మింగేస్తోంది. స్పీకర్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. పెట్టెలు కుడి ఎడమలు మార్చాను, కేబుళ్లు మార్చాను. అదే ఉరుము. అప్పుడు టేపు తెచ్చి గది కొలిచాను. నేను కూర్చుని చూసే దిక్కున, ముందు గోడ నుంచి వెనక గోడకి 3.1 మీటర్లు. శబ్దవేగం సెకనుకి 343 మీటర్లు. 343ని 3.1తో భాగిస్తే 110కి కాస్త ఎక్కువ. ఓపెన్ ఏ స్ట్రింగ్ సరిగ్గా 110 హెర్ట్జ్! ఆ స్వరం నా రెండు గోడల మధ్య సరిగ్గా ఇమిడి, అటూ ఇటూ కొట్టుకుంటూ పేరుకుపోతోంది. అది అన్నిటికంటే గట్టిగా వినిపించే చోట్లు మూడు: రెండు గోడల దగ్గర, గది నట్టనడుమ. నా కుర్చీ నట్టనడుమ ఉంది.

ఆ తర్వాత ఒక తప్పు చేశాను. స్పీకర్లు గోడకి దూరంగా ఉండాలని ఎక్కడో విని, బల్లని గోడ నుంచి ఒక మీటరు ముందుకి లాగాను. ఈసారి లో ఇ స్ట్రింగే నీరసించిపోయింది. స్పీకర్ నుంచి వెనక్కి వెళ్లిన బాస్ గోడకి తగిలి తిరిగొస్తుంది. గోడ దూరం ఆ స్వరం తరంగం పొడవులో నాలుగో వంతు అయితే, తిరిగొచ్చిన శబ్దం ఎదురు తిరిగి అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. మీటరు దూరానికి ఆ లెక్క 86 హెర్ట్జ్. అంటే లో ఇ, దాని పక్కనున్న ఎఫ్, రెండూ దెబ్బతిన్నాయి. కొన్న పది రోజులకి స్పీకర్ మీద విరక్తి పుట్టడానికి ఇది చాలు. నిజానికి స్పీకర్ ఏ పాపం ఎరగదు.

చివరికి బల్లని మళ్లీ వెనక్కి నెట్టాను. వూఫర్ ముఖం గోడకి 37 సెంటీమీటర్ల దూరంలో ఉంది. దీని పోర్ట్ (గాలి వదిలే రంధ్రం) వెనక వైపు ఉంటుంది కాబట్టి పెట్టె వీపుకి, గోడకి మధ్య ఒక జానెడు జాగా ఉంచాను. రెండు స్పీకర్ల మధ్య 80 సెంటీమీటర్లు, ఒక్కో స్పీకర్ నుంచి నా తలకి 80 సెంటీమీటర్లు. దాంతో కుర్చీ గది నడుమ నుంచి అర మీటరు ముందుకి జరిగింది. ఏ (A) స్ట్రింగ్ కొట్టాను. ఉరుము సగానికి సగం పోయింది. వెనకున్న రూమ్ కంట్రోల్ స్విచ్చి మైనస్ 2 మీద పెట్టాను. అది 500 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కొద్దిగా దించుతుంది, గోడ దగ్గర పెట్టినప్పుడు పోగయ్యే బాస్‌కి అది విరుగుడు. మిగిలిన కాస్తా మోడలర్ గ్లోబల్ ఈక్యూలో (అన్ని ప్రీసెట్లకీ ఒకేసారి వర్తించే టోన్ సర్దుబాటులో) 110 దగ్గర సన్నగా 3 డెసిబెల్స్ కోస్తే సర్దుకుంది. ప్రీసెట్ల జోలికి పోలేదు, ఎందుకంటే జబ్బు గదిది, టోన్‌ది కాదు. వేరే చోట వాయించే రోజు గ్లోబల్ ఈక్యూ ఆపేస్తాను.

ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. నాకు బల్ల తక్కువ ఎత్తు కావడంతో కింద గట్టి స్పాంజి దిమ్మెలు పెట్టి కొద్దిగా పైకెత్తాను. బల్ల చెక్క కూడా స్పీకర్‌తో పాటు అదిరేది, దిమ్మెలతో అది కూడా తగ్గింది. ఖర్చు పెట్టి ఇంకో మోడల్‌కి మారేకంటే ఈ చిన్న పనులు నాకు ఎక్కువ తేడా చూపించాయి.

కేబుళ్ల దగ్గర ఒక్క మాట. మోడలర్ నుంచి మానిటర్‌కి గిటార్ కేబుల్ పెట్టకండి, బయటి హమ్‌ని అడ్డుకునే బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ కేబుల్ పెట్టండి. నేను మొదట గిటార్ కేబుళ్లే వాడాను. మోడలర్‌ని యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి కలిపి చార్జర్ పెట్టగానే "గూ" అని హమ్. టీఆర్‌ఎస్ మార్చాక పోయింది. మోడలర్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌ని ఇన్‌స్ట్రుమెంట్ నుంచి లైన్‌కి మార్చడం కూడా మర్చిపోవద్దు. లేకపోతే మోడలర్ నుంచి సన్నగా వస్తుంది, స్పీకర్ నాబ్ బాగా పెంచాల్సి వస్తుంది, దాంతోపాటు బుసా పెరుగుతుంది. నేను మానిటర్ల వాల్యూమ్ ఒక చోట పెట్టేసి, తక్కువ ఎక్కువలు మోడలర్ నాబ్‌తోనే చూసుకుంటాను. వేసేటప్పుడు స్పీకర్లు ఆఖరున, ఆపేటప్పుడు ముందు స్పీకర్లే. వరస తప్పితే "టప్" అని ఒక దెబ్బ, అది ట్వీటర్‌కి మంచిది కాదు.

ఒకసారి క్యాబ్ బ్లాక్ ఆపేసి ఉన్న సంగతి మర్చిపోయి డిస్టార్షన్ వేశాను. చెవిలో జోరీగ దూరినట్టే. ఈ మానిటర్లు పై స్వరాల్లో మనిషి చెవికి అందేదంతా వినిపిస్తాయి కాబట్టి జల్లెడ లేకపోతే గరగరంతా బయటికొస్తుంది. మీకు మానిటర్‌లో డిస్టార్షన్ అలా వినిపిస్తే స్పీకర్‌ని తిట్టేముందు క్యాబ్ వెలిగి ఉందో లేదో చూడండి. వెలిగి ఉన్నా గీరుకుంటున్నట్టు ఉంటే, క్యాబ్ బ్లాక్‌లోనే హై కట్ (పైవి కోసేది) 7 కిలోహెర్ట్జ్ దగ్గర, లో కట్ (కిందివి కోసేది) 90 హెర్ట్జ్ దగ్గర పెట్టి చూడండి. నా ప్రీసెట్లలో ముప్పావు వంతు ఆ అంకెల దగ్గరే ఉన్నాయి.

వాల్యూమ్ మాట ఇంకొకటి ఉంది, ఇది నాకు కొంచెం సిగ్గు తెచ్చిన అనుభవం. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బాస్ సరిగ్గా ఆనదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. రాత్రిపూట మెల్లగా వాయిస్తూ, బాస్ చాల్లేదనిపించి పెంచుకుంటూ పోయాను. ఆ ప్రీసెట్‌నే స్నేహితుల మధ్య, డ్రమ్స్ పక్కన గట్టిగా పెడితే బాస్ గిటార్ వాయించేవాడు ఆగి నా వైపు చూశాడు. అంత బాస్ ఉంది అందులో. అప్పటినుంచి ప్రీసెట్లు ఆదివారం మధ్యాహ్నం, పాప బయటికి వెళ్లినప్పుడు, 80 డెసిబెల్స్ దగ్గర తయారు చేసుకుంటున్నాను. రాత్రి వాటిని వాయించుకోవడమే గానీ మార్చను.

హెచ్‌ఎస్5 ఎవరికి సరిపోదో కూడా చెప్పాలి. నిలబడి, గది అంతా తిరుగుతూ వాయించేవాళ్లకి ఇది కాదు. ఆ 80 సెంటీమీటర్ల త్రిభుజంలో కూర్చుంటేనే దీని అందం. బాస్ గిటార్‌లో లో ఇ తీగ 41 హెర్ట్జ్, అక్కడిదాకా ఈ 5 అంగుళాల కోన్ వెళ్లదు. ఇంట్లో బాస్ కూడా వాయించేవాళ్లు పెద్దవే చూసుకోవాలి. డ్రమ్స్‌తో వాయించేవాళ్లు, యాంప్ పక్కన నిలబడ్డ భావం కావాలనుకునేవాళ్లు 2023లో వచ్చిన ఫెండర్ టోన్ మాస్టర్ ఎఫ్‌ఆర్-10 లాంటివో, గిటార్ స్పీకర్లనే అనుకరించే లైన్ 6 పవర్‌క్యాబ్ లాంటివో వినాలి. స్పీకర్ గాలి వీపుకి తగలడం, గిటార్ స్పీకర్‌కి ఎదురుగా నిలబడితే స్వరం తనంతట తానే నిలిచి పాడటం, ఇవి 70 డెసిబెల్స్‌లో ఏ మానిటర్ నుంచీ రావు. నాకు ఆ లోటు అప్పుడప్పుడు మనసులో మెదులుతూనే ఉంటుంది.

కొనేముందు వినడానికి వెళితే, మీ మోడలర్, మీ గిటార్ రెండూ తీసుకెళ్లండి. పాటలు పెట్టి విని నిర్ణయించుకోవద్దు. మీరు ఇంట్లో వాయించేంత వాల్యూమ్‌లోనే, ఎంత సిగ్గనిపించినా అంత మెల్లగానే వాయించండి. ఒక క్లీన్ కార్డ్ కొట్టి, అది పూర్తిగా ఆరిపోయేదాకా చేతులు కదపకుండా వినండి. చివరి రెండు సెకన్లలో స్పీకర్ బుస తెలిసిపోతుంది. ఆ తర్వాత పన్నెండో ఫ్రెట్ నుంచి కిందికి, లో ఇ (E), ఏ (A) తీగల మీద ఒక్కో ఫ్రెట్ వాయించుకుంటూ రండి. ఏ స్వరమైనా ఎగిరినా, పడినా అది ఆ గది చేసే పని కావచ్చు. ఇంటికొచ్చాక మీ గదిలోనూ ఇదే చేయండి, పక్కన టేపు పెట్టుకుని.

నా గదిలో ఇప్పుడు నేల మీద నాలుగు తెల్ల టేపు ముక్కలున్నాయి, కుర్చీ కాళ్ల కోసం. ఊడ్చేటప్పుడు కుర్చీ జరిగితే, మళ్లీ అక్కడికే తెచ్చి పెట్టి, ఒకసారి ఓపెన్ ఏ కొట్టి చూసుకుని మొదలుపెడతాను.